మాల వేశాక బీడీ మానారు, మరి మాత్ర సంగతి?

కార్తీకం వచ్చిందంటే తిరుపతిలో నా ఓపీకి ఇలాంటి కేసు ఒక్కటైనా వస్తుంది. నల్ల బట్టలు, మెడలో మాల, పక్కన కంగారుగా భార్య. "స్వామి తెల్లారుజామున స్నానానికి లేవలేకపోతున్నాడు సార్. లేచినా తూలుతున్నాడు. దిండంతా జొల్లే. మాత్రల పవర్ గానీ పెంచారా?"

మాత్ర అదే, డోసూ అదే. ఆగింది బీడీలు.

అపోహ: బీడీకీ మాత్రకూ ఏం సంబంధం?

వాస్తవం: స్కిజోఫ్రీనియా లాంటి మానసిక జబ్బులకిచ్చే క్లోజాపిన్, ఒలాంజపిన్ మాత్రలు వాడేవాళ్లకు చాలా ఉంది. ఈ మందుల్ని కాలేయంలో అరగదీసే ఎంజైముల్లో ముఖ్యమైనది సీవైపీ1ఏ2. పొగలోని తారు పదార్థాలు దాన్ని ఉరకలెత్తిస్తాయి. రోజూ కట్ట కాల్చే మనిషిలో మందు త్వరగా ఖర్చయిపోతుంది కాబట్టి మేమూ డోసు పెంచుకుంటూ పోయి ఉంటాం. బీడీ ఆపితే వారం తిరక్కుండానే ఆ ఎంజైము నెమ్మదిస్తుంది. పాత డోసే రక్తంలో పేరుకుంటుంది. క్లోజాపిన్ అయితే ఒకటిన్నర రెట్లు కావచ్చు, కొందరిలో ఇంకా ఎక్కువ. మగత, జొల్లు, మలబద్ధకం, మరీ ముదిరితే ఫిట్స్. దీక్ష 41 రోజులు. దీనికి వారం చాలు.

మాల తీసి మళ్లీ బీడీ ముట్టిస్తే కథ తిరగబడుతుంది. మందు తగ్గిపోయి చెవిలో మాటలు మళ్లీ మొదలవుతాయి. ఇంట్లోవాళ్లు స్వామికి కోపమొచ్చిందంటారు.

అపోహ: బీడీ బదులు ఖైనీ నమిలితే లెక్క సరిపోతుంది.

వాస్తవం: సరిపోదు. ఎంజైముని లేపేది పొగ, నికోటిన్ కాదు. ఖైనీకి మారినా, నికోటిన్ గమ్ నమిలినా మందు దృష్టిలో బీడీ మానేసినట్టే.

అపోహ: విరేచనాలకు మెడికల్ షాపులో ఒక మాత్ర తెచ్చుకుంటే ఏమవుతుంది?

వాస్తవం: అది సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ అయితే అదే ఎంజైముని అడ్డుకుంటుంది. గట్టి జ్వరం కూడా అంతే. క్లోజాపిన్ వాడేవాళ్లకు జ్వరం, గొంతునొప్పి వస్తే ఆరోజే రక్తపరీక్ష చేయించాలి, ఈ మందు వల్ల తెల్లకణాలు పడిపోయి ఉండవచ్చు. 1975లో ఫిన్లాండ్‌లో ఇలాగే మరణాలు జరిగాయి.

అలాగని బీడీ తాగమని కాదు, మాత్రలు మీరే తగ్గించుకోమనీ కాదు. మాల వేసే ముందే చెప్పండి, డోసు మేం సర్దుతాం. ఇప్పుడు చీటీలో బీడీల లెక్క పక్కనే "ఈ ఏడు మాల వేస్తారా?" అని అడిగి రాసుకుంటున్నాను. ఒకాయన నవ్వి, "వేస్తా సార్, చాటుగా రెండు మాత్రం తాగుతా" అన్నాడు. అదీ రాసుకున్నాను.