పారుడు రోగం: మంద నడిచే దారిలోనే

మేక పారుకుంటోందంటే గోదావరి డెల్టాలో ఎవరికైనా ముందు గుర్తొచ్చేది జలగ, అంటే ఒంట్లో చేరే జలగలాంటి నట్ట పురుగు. చిత్తడి పొలాలు, కాలవ గట్లు, నత్తలు ఉన్నచోట జలగ వ్యాధికి కొదవ ఉండదు కాబట్టి ఆ అనుమానం న్యాయమైనదే. నట్టల మందు తాగించి రెండు రోజులు చూస్తారు. ఈలోపు ముక్కు కారుతుంది, కళ్ళకు పుసులు కడతాయి, చిగుళ్ళు పుండవుతాయి, దగ్గు మొదలవుతుంది. అది పారుడు రోగమని అప్పుడు తెలుస్తుంది. పశువైద్యులు పీపీఆర్ అంటారు. తెలిసేసరికి పక్క దొడ్డిలోకీ పాకి ఉంటుంది.

కాపరిని తప్పుపట్టలేం. చదువుకున్నవాళ్ళు కూడా దీన్ని చాలాకాలం మరో రోగమనే అనుకున్నారు. పశ్చిమ ఆఫ్రికాలోని ఐవరీ కోస్ట్‌లో 1942లోనే దీన్ని గుర్తించినా, మన దగ్గర జీవాలకు, అంటే గొర్రెలకూ మేకలకూ, ఈ లక్షణాలు కనిపిస్తే పశువుల ముసర వ్యాధే (రిండర్‌పెస్ట్) సోకిందనేవారు. రెండూ తట్టు వైరస్‌కు దగ్గరి చుట్టాలు మరి. 1987లో తమిళనాడులోని విల్లుపురం దగ్గర అరసూరులో గొర్రెలకు వచ్చినది ముసర కాదని, ఇది వేరే వైరస్ అని తేలింది. 1994 నుంచి ఉత్తరాదిలోనూ బయటపడింది.

మొదట్లో జీవాలకూ ముసర టీకానే వేసేవారు, కొంత పనిచేసేది కూడా. ముసరను దేశం నుంచి తరిమే క్రమంలో ఆ టీకా ఆపేయాల్సి వచ్చింది. తర్వాత పారుడుకు సొంత టీకా తయారైంది. ముసర 2011లో ప్రపంచం నుంచే పోయింది. దాని తమ్ముడు మాత్రం మిగిలాడు.

ఇక మన నేల సంగతి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలవలు పారాక డెల్టాలో మంద బతుకు వరి పంట చుట్టూ తిరగడం మొదలైంది. వానాకాలపు సార్వా ఊడ్పులు పడ్డాయంటే గొర్రెకు అడుగు పెట్టే చోటు ఉండదు. కొన్ని మందలు మెట్టకు, ఏజెన్సీ అంచులకు వెళ్ళిపోతాయి. మిగిలినవి కాలవ గట్ల మీదా లంకల్లోనూ సర్దుకుంటాయి. దాళ్వా కోతలయ్యాక ఏప్రిల్, మే నెలల్లో మందలన్నీ చేలల్లోకి దిగుతాయి. ఎరువు కోసం రైతులు రాత్రిళ్ళు తమ చేలో మంద కట్టించుకుంటారు. చేనుకు బలం, కాపరికి నాలుగు డబ్బులు. ఎంతో మంచి ఏర్పాటు. కానీ ఎక్కడెక్కడివో జీవాలు ఒకే గుంట నీళ్ళు తాగేది, ఒకే దారిన నడిచేది కూడా అప్పుడే. దానికితోడు చేపల చెరువులు పెరిగి మేత నేల తగ్గేకొద్దీ మందలు మరింత దగ్గరకు జరుగుతున్నాయి.

ఈ వైరస్ ఎండలో, బయట ఎక్కువసేపు బతకదు. తుమ్మునుంచి తుమ్ముకు, మూతినుంచి మూతికి పాకుతుంది. అందుకే రద్దీయే దానికి బలం. తుపాను వానల్లో జీవాలను రోజంతా పాకలో కుక్కితే అదే జరుగుతుంది. సంతలో అమ్ముడుపోని పోతును తిరిగి ఇంటికి తోలుకొస్తే మళ్ళీ అదే. నా దృష్టిలో అన్నిటికన్నా ప్రమాదం, జబ్బు చేసినదాన్ని భయంతో తెగనమ్ముకోవడం. అప్పు తెచ్చి మేకలు కొన్నవాళ్ళకు ఆ టెన్షన్ ఎలాంటిదో తెలుసు, కానీ ఆ మేకతో రోగం మరో ఊరు చేరుతుంది.

గొర్రెలకన్నా మేకలు ఎక్కువగా నలుగుతాయి. తల్లి పాల రక్షణ తగ్గాక, అంటే నాలుగు నెలలు దాటిన పిల్లలు ముందు పోతాయి. చూడివి ఈసుకుపోతాయి, అంటే నెలలు నిండకుండానే గర్భం పోతుంది. టీకా ఎరుగని మందలో పదింట తొమ్మిదికి సోకినా ఆశ్చర్యం లేదు. వైరస్‌కు మందు లేదు. వెనక వచ్చే న్యుమోనియాకు, నీరసానికే వైద్యం.

టీకా మాత్రం గట్టిది. ఒక్క డోసు కనీసం మూడేళ్ళు కాస్తుంది. 2030 నాటికి ఈ రోగాన్ని లేకుండా చేయాలని 2015లో ప్రపంచ దేశాలు సంకల్పం చెప్పుకున్నదీ ఆ ధైర్యంతోనే. ఆ సమావేశం జరిగింది అదే ఐవరీ కోస్ట్‌లో, అబిజాన్ నగరంలో. చిక్కల్లా టీకాకు వేడి పడకపోవడం, సిబ్బంది ఊరికి వచ్చిన రోజున మంద మెట్టలో ఉండటం. అక్కడ ఈనిన పిల్లలు టీకా లేకుండానే పెరిగి దిగివస్తాయి. మందలన్నీ చేలల్లో దొరికే మే నెలలో, జీవాలు మేతకు లేవకముందే తెల్లవారుజామున వేస్తే పెట్టెలో ఐసు కరగకముందే పని అయిపోతుంది.