స్ట్రాట్ నుంచి లెస్ పాల్‌కి మారినప్పుడు: అపోహలు - వాస్తవాలు

"అన్నా, ఫాల్టీ పీస్ అంటగట్టారన్నా. ట్యూనర్‌లో అన్నీ పచ్చలైటే, స్వరాలు కలిపి కార్డ్ పట్టుకుంటే మాత్రం అపస్వరం." గిటార్లు సరిచేసే సెటప్ బల్ల మీదికి గిబ్సన్ లెస్ పాల్ తరహా ఎలక్ట్రిక్ గిటార్ వచ్చిందంటే దాని వెనకాలే చాలాసార్లు ఈ మాట వస్తుంది. తెచ్చినవాళ్లు కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లేం కాదు. నాలుగైదేళ్లు స్ట్రాట్ (ఫెండర్ స్ట్రాటోకాస్టర్ తరహా ఎలక్ట్రిక్ గిటార్) మీద చెయ్యి తిరిగినవాళ్లు. డబ్బు కూడబెట్టుకుని, ఇంట్లో ఒప్పించుకుని కొన్న గిటార్ అది. నెల తిరక్కుండానే "చేతికి పడలేదు" అంటూ సెకండ్‌హ్యాండ్ గ్రూపుల్లో పెట్టి వచ్చినకాడికి అమ్మేస్తారు. ఆ అమ్మకాల్లో చాలావరకు అక్కర్లేనివి.

అపోహ: నెల వాయించినా చేతికి పడట్లేదంటే గిటార్‌లో లోపముంది, లేదా అది నాకు సరిపడదు

వాస్తవం: ముందు ఒక చిన్న లెక్క. స్ట్రాట్ స్కేల్ (తీగ మోగే పొడవు) 25.5 అంగుళాలు, అంటే 648 మి.మీ. లెస్ పాల్‌ది 24.75, దాదాపు 628 మి.మీ. రెండు సెంటీమీటర్లే కదా అనిపిస్తుంది. కానీ అదే గేజ్ (మందం) తీగని అదే శ్రుతికి బిగిస్తే, టెన్షన్ (బిగువు) స్కేల్ పొడవు వర్గాన్ని బట్టి మారుతుంది. అంటే లెస్ పాల్ మీద దాదాపు 6 శాతం తగ్గుతుంది. 10 గేజ్ (అంగుళంలో వెయ్యో వంతులు) హై ఈ, అంటే అన్నిటికంటే సన్నటి తీగ, స్ట్రాట్ మీద సుమారు 7.3 కిలోల లాగుడుతో ఉంటే, ఇక్కడ 6.9 దగ్గర ఉంటుంది. తీగ మెత్తబడింది, మీ వేలు మాత్రం పాత బలంతోనే నొక్కుతోంది. పైగా పాత స్ట్రాట్‌కి వింటేజ్ తరహా సన్నటి, పొట్టి ఫ్రెట్లు (నెక్ మీది అడ్డ లోహపు కడ్డీలు) ఉండి, కొత్తదానికి ఎత్తైన మీడియం జంబోలుంటే, వేలు చెక్కకి తగిలేదాకా నొక్కే అలవాటు తీగని ఇంకా కిందికి లాగుతుంది. తీగ సాగితే శ్రుతి ఎక్కుతుంది. ఓపెన్ (ఏ ఫ్రెట్ దగ్గరా నొక్కని) తీగలు ట్యూనర్‌లో సరిగ్గా ఉండి కార్డ్‌లో అపస్వరం పలకడానికి ఇదొక కారణం.

రెండో కారణం నట్, అంటే నెక్ చివర తీగలు ఆనే గాడుల పట్టీ. ఫ్యాక్టరీ నుంచి వచ్చే గిటార్లలో నట్ గాడులు కాస్త ఎత్తుగా వదిలేయడం మామూలే. లోతుగా కోసేస్తే ఓపెన్ తీగ మొదటి ఫ్రెట్ మీద గరగరమంటుంది, అప్పుడు నట్ మార్చాల్సిందే. ఎత్తుగా ఉంటే తర్వాత తగ్గించుకోవచ్చు. అందుకే ఎత్తువైపే మొగ్గుతారు.

తప్పు చేతిదో గిటార్‌దో తేల్చుకోవడానికి ఐదు నిమిషాలు చాలు. కొత్త తీగలు వేసి, ట్యూనర్ పెట్టి, జీ తీగని (సన్నటి వైపు నుంచి మూడోది) రెండో ఫ్రెట్ దగ్గర ఫ్రెట్‌కి ఆనుకుని పట్టుకోండి. మొదట స్వరం శుభ్రంగా పలకడానికి ఎంత ఒత్తిడి కావాలో అంతే పెట్టండి. ట్యూనర్ ముల్లు ఎక్కడుందో చూడండి. ఇప్పుడు మామూలుగా మీరు కార్డ్ పట్టే బలంతో నొక్కండి. తేలిగ్గా నొక్కినప్పుడు నడిమధ్యన ఉన్న ముల్లు, గట్టిగా నొక్కగానే 10 సెంట్లో (సెంటు అంటే అర స్వరంలో నూరో వంతు) అంతకంటే ఎక్కువో కుడికి జరిగితే గిటార్‌ని ఏమీ అనకండి, సమస్య చేతిది. తేలిగ్గా పట్టుకున్నా మొదటి మూడు ఫ్రెట్లలో శ్రుతి ఎక్కువే చూపించి, పైకి వెళ్లేకొద్దీ సర్దుకుంటే నట్ ఎత్తుగా ఉంది. అడుగున బాగానే ఉండి 12వ ఫ్రెట్ దగ్గర తేడా వస్తే ఇంటొనేషన్, అంటే నెక్ పొడవునా శ్రుతి సరిగ్గా పలికేలా తీగ పొడవు సర్దడం. మూడింటికీ మందులు వేరు. ఏ మందు వెయ్యాలో తెలియకుండా అమ్మకానికి పెట్టేస్తున్నారు, బాధ అక్కడ.

ఇక బెండ్లు, అంటే తీగని పక్కకి తోసి శ్రుతి ఎక్కించడం. స్ట్రాట్‌కి ట్రెమొలో (బార్‌తో కదిపే బ్రిడ్జ్) ఫ్లోటింగ్‌లో, అంటే బాడీకి ఆనకుండా ఉంటే, మీరు తీగని తోసినప్పుడు బ్రిడ్జ్ (బాడీ వైపు తీగలు ఆనే భాగం) కూడా కాస్త ముందుకి వంగుతుంది. అది ఇచ్చేసిన మేర మీరు ఇంకొంచెం తోయాలి. ఏళ్ల తరబడి చెయ్యి ఆ లెక్కకి అలవాటు పడింది. లెస్ పాల్ బ్రిడ్జ్ కదలదు, తీగ కూడా వదులు. పాత తోపు తోస్తే స్వరం గమ్యం దాటిపోతుంది. బీ తీగ (సన్నటి వైపు నుంచి రెండోది) మీద 10వ ఫ్రెట్ ఒకసారి మీటి ఆ స్వరం చెవిలో పెట్టుకోండి. తర్వాత 8వ ఫ్రెట్ నుంచి బెండ్ చేసి అక్కడికి చేరండి, చేరాకే ట్యూనర్ చూడండి. రోజుకి పది నిమిషాల చొప్పున రెండు వారాలు చేస్తే చాలామందికి చెయ్యి కుదురుతుంది. కర్ణాటక గమకాలు వాయించేవాళ్లు దీన్ని ఇంకాస్త పట్టించుకోవాలి, గమకంలో పావు స్వరం దాటినా వినపడిపోతుంది. గమకం కోసం వాద్యాన్నే మార్చుకున్న ఉదాహరణ మన దగ్గరే ఉంది. పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ మాండలిన్ జంట తీగలు పక్కనపెట్టి ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ వాయించారు.

సెటప్ ఎలా చెయ్యాలంటే

వరస తప్పొద్దు. ముందు నెక్ వంపు, తర్వాత యాక్షన్ (ఫ్రెట్ల మీద తీగల ఎత్తు), తర్వాత నట్, చివర ఇంటొనేషన్. చివరిది ముందు చేస్తే మిగతావి కదిపినప్పుడల్లా మళ్లీ చెయ్యాలి.

గిటార్ కొరియర్‌లో వస్తే పెట్టె తెరిచి ఒక రోజు గదిలో అలా ఉండనివ్వండి. విశాఖ ఉక్కపోతకీ ఏసీ గదికీ మధ్య నెక్ వంపు మారుతుంది. వచ్చీ రాగానే కొలిస్తే ఆ కొలత నిలవదు.

కాపో (తీగలన్నీ నొక్కిపట్టే క్లిప్పు) మొదటి ఫ్రెట్ మీద పెట్టి, లో ఈ తీగని (అన్నిటికంటే లావుది) నెక్ బాడీతో కలిసే చోట నొక్కి పట్టుకోండి. 7, 8 ఫ్రెట్ల దగ్గర తీగ అడుగుకీ ఫ్రెట్ నెత్తికీ మధ్య సందు 0.25 మి.మీ. దరిదాపుల్లో ఉండాలి. కొలవడానికి ఖరీదైన సామానేం అక్కర్లేదు. బైక్ మెకానిక్‌లు ట్యాపెట్ సెట్ చేయడానికి వాడే ఫీలర్ గేజ్ ఆటో స్పేర్స్ షాపులో దొరుకుతుంది, అదే చాలు. సందు ఎక్కువుంటే ట్రస్ రాడ్ (నెక్ లోపలి ఇనుప కడ్డీ) నట్‌ని గడియారం ముల్లు తిరిగే వైపు, తక్కువుంటే ఎదురు వైపు తిప్పాలి. ఒక విడతకి పావు చుట్టు మించకూడదు. తిప్పాక మళ్లీ ట్యూన్ చేసి, కాసేపాగి కొలవండి. గిబ్సన్‌కి 5/16 అంగుళాల బాక్స్ స్పానర్ పడుతుంది, మిగతా బ్రాండ్లలో చాలావాటికి అలెన్ కీ. కాస్త వదులుగా ఉన్న కీతో "ఈ ఒక్కసారికే" అని తిప్పడం వల్లే ట్రస్ రాడ్ నట్ అంచులు అరిగిపోతాయి. బిగుసుకుపోయి తిరగకపోతే బలం పెట్టకుండా తెలిసినవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి.

యాక్షన్ 12వ ఫ్రెట్ దగ్గర స్టీల్ స్కేలుతో చూడండి. లో ఈ 2 మి.మీ., హై ఈ 1.5 మి.మీ. దగ్గర మొదలుపెట్టండి. స్ట్రాట్ వాళ్లు ఇక్కడ తికమక పడతారు. అక్కడ ఒక్కో తీగ శాడిల్‌కీ (బ్రిడ్జ్ మీద తీగ ఆనే ముక్క) విడివిడిగా ఎత్తు సరిచేసే స్క్రూలుంటాయి. లెస్ పాల్ బ్రిడ్జ్ ట్యూన్-ఓ-మాటిక్‌లో అవి ఉండవు, రెండు చివర్లా రెండు చక్రాలే. తీగలు వదులు చేశాకే వాటిని పైకి తిప్పండి, బిగువు మీద తిప్పితే కష్టంగా కదులుతుంది, పోస్టు మీద భారం పడుతుంది.

నట్ చూడాలంటే ఒక్కో తీగని మూడో ఫ్రెట్ దగ్గర నొక్కండి. మొదటి ఫ్రెట్ మీద తీగ తాకీ తాకనట్టు, పల్చటి కాగితం పట్టేంత సందు ఉంటే చాలు. అంతకంటే ఎత్తుగా ఉంటే నట్ ఫైల్‌తో తగ్గించాలి. ఆ ఫైల్ లేకపోతే ఈ ఒక్క పనీ ఇంట్లో వద్దు. రంపపు బ్లేడుతో కోసి పాడుచేసిన నట్లు బోలెడు. ట్యూన్ చేస్తుంటే జీ తీగ "టిక్"మని గెంతితే అది గాడిలో పట్టేస్తోందని గుర్తు. హెడ్‌స్టాక్ (నెక్ తల) మీద ట్యూనింగ్ పెగ్‌లు అటు మూడు, ఇటు మూడు కాబట్టి డీ, జీ తీగలు నట్ దాటగానే పక్కకి వంగుతాయి, వెనక్కి వంచిన హెడ్‌స్టాక్ ఒత్తిడి దానికి తోడు. 2బీ పెన్సిల్ మొన గాడిలో రుద్దితే చాలాసార్లు సరిపోతుంది. "ట్యూనింగ్ నిలవట్లేదు" అని ట్యూనింగ్ పెగ్‌లు మార్పించేవాళ్లు ముందు పది రూపాయల పెన్సిల్ వాడి చూడండి.

ఇంటొనేషన్ సంగతి మీకు తెలిసిందే. 12వ ఫ్రెట్ హార్మోనిక్ (నొక్కకుండా తీగని తాకి మీటిన స్వరం) కంటే నొక్కిన స్వరం ఎక్కువుంటే శాడిల్ వెనక్కి, తక్కువుంటే ముందుకి. పాత తీగల మీద చేస్తే వృథా.

అపోహ: రెండింటికీ ఒకే గేజ్ వేస్తే రెండూ ఒకేలా ఉంటాయి

వాస్తవం: పై లెక్క ప్రకారమే ఉండవు. స్ట్రాట్ మీద 9-42 (సన్నటి తీగ 9, లావుది 42) అలవాటైతే లెస్ పాల్‌కి 9.5-44, అక్కడ 10-46 అయితే ఇక్కడ 10.5-48 దగ్గరగా ఉంటాయి. గేజ్ పెంచితే లాగుడు పెరిగి నెక్ వంపు ఎక్కువవుతుంది, మళ్లీ కొలవాలి. లావు తీగ నట్ గాడిలో ఇరుక్కోవచ్చు కూడా.

అపోహ: హంబకర్ (లెస్ పాల్‌లో ఉండే రెండు చుట్టల పికప్) మబ్బుగా పలుకుతోంది, పికప్ (తీగ కంపనాన్ని పట్టే భాగం) మార్చాలి

వాస్తవం: స్ట్రాట్‌కి సరిపెట్టిన ఆంప్ సెట్టింగ్ అలాగే వదిలేశారు. హంబకర్ అవుట్‌పుట్ ఎక్కువ, మిడ్, బేస్ ఎక్కువ. గెయిన్ (ఆంప్ తీసుకునే సిగ్నల్ మోతాదు) మూడో వంతు తగ్గించండి, బేస్ తగ్గించి ట్రెబుల్ కాస్త పెంచండి. నెక్ పికప్ మరీ మోతగా ఉంటే దాన్ని కిందికి దించండి. చివరి ఫ్రెట్ నొక్కి పట్టుకున్నప్పుడు తీగకీ పికప్‌కీ మధ్య నెక్ వైపు 2.4 మి.మీ., బ్రిడ్జ్ వైపు 1.6 మి.మీ. దగ్గర మొదలుపెట్టి చెవితో సరిచేసుకోండి. పికప్‌లు మార్చే టాగుల్ స్విచ్ మధ్యలో ఉన్నప్పుడు ఒక వాల్యూమ్ సున్నాకి తెస్తే రెండో పికప్ కూడా మూగబోతుంది. అది వైరింగ్ తీరే, చెడిపోలేదు. సున్నాకి ఒక గీత ముందు ఆపండి.

పామ్ మ్యూట్ (అరచేత్తో తీగలని అణచి వాయించడం) కుదరట్లేదంటే అరచెయ్యి టెయిల్‌పీస్ (బ్రిడ్జ్ వెనక తీగలు తగిలించే భాగం) మీద ఉందేమో చూసుకోండి. తీగ ఆగేది శాడిల్ దగ్గర, దాని వెనక ఎంత నొక్కినా లాభం లేదు.

అపోహ: చిన్న చేతులవాళ్లకి లెస్ పాల్ పనికిరాదు. గిటార్ బరువుంటేనే సస్టెయిన్ (స్వరం నిలవడం). రాక్‌కి లెస్ పాల్, క్లీన్ టోన్‌కి స్ట్రాట్.

వాస్తవం: లెస్ పాల్‌లో మొదటి ఫ్రెట్ నట్ నుంచి 35.3 మి.మీ. దూరంలో ఉంటే స్ట్రాట్‌లో 36.4, అంటే వేళ్ల చాపు ఇక్కడే తక్కువ. చేతికి తగిలే తేడా నెక్ మందంలో ఉంది, కొనేముందు పట్టుకుని చూడండి. మిగతా రెండూ కాలక్షేపం కబుర్లు.

అపోహ: లెస్ పాల్ నుంచి స్ట్రాట్‌కి వచ్చాక గుయ్యిమంటోంది, ట్యూనింగ్ నిలవట్లేదు, కాబట్టి స్ట్రాట్ చెడిపోయింది

వాస్తవం: స్ట్రాట్‌లో ఉండే సింగిల్ కాయిల్ (ఒకే చుట్ట) పికప్ 50 హెర్ట్జ్ కరెంటు గుయ్యిని పట్టుకుంటుంది, దాని స్వభావమే అది. తీగ మీద చెయ్యి వేస్తే తగ్గుతోందంటే గిటార్ గ్రౌండింగ్ పనిచేస్తోందన్నమాట. మధ్య పికప్ రివర్స్ వైండ్ (ఎదురు వైపు చుట్టినది) అయితే పికప్ స్విచ్ 2, 4 పొజిషన్లలో గుయ్యి చాలావరకు పోతుంది. గుయ్యి తగ్గుతుందని ఎవరో చెబితే ఆంప్ ప్లగ్‌లోని ఎర్త్ పిన్ మాత్రం విరగ్గొట్టకండి. ఆంప్‌లో లీకేజీ వచ్చిన రోజున తీగ పట్టుకున్న చేతికే షాక్ కొడుతుంది.

ట్యూనింగ్ విషయానికొస్తే, ఫ్లోటింగ్ ట్రెమొలోలో ఒక తీగ బెండ్ చేస్తే మిగతావి దిగిపోతాయి. అరచెయ్యి బ్రిడ్జ్ మీద బరువుగా ఆన్చినా శ్రుతి కదులుతుంది. బార్ వాడనివాళ్లు వెనక మూత తీసి, స్ప్రింగులు పట్టే క్లా స్క్రూలు రెండూ సమానంగా బిగిస్తూ, బ్రిడ్జ్ ప్లేట్ బాడీకి ఆనేదాకా తేవచ్చు. మూడు స్ప్రింగులతో ఆనకపోతే నాలుగోది తగిలించండి. అలా చేశాక యాక్షన్ తగ్గిపోతుంది కాబట్టి శాడిళ్లు మళ్లీ సరిచెయ్యాలి. 7.25 అంగుళాల రేడియస్ (తీగల కింది చెక్క పక్కవాటు గుండ్రం) ఉన్న పాత తరహా నెక్ మీద లెస్ పాల్ అంత తక్కువ యాక్షన్ ఆశించకండి, 12వ ఫ్రెట్ పైన ఫుల్ బెండ్ చేస్తే తీగ పక్క ఫ్రెట్‌కి తగిలి స్వరం చచ్చిపోతుంది.

ఇంకొకటి, లెస్ పాల్ కొత్తగా కొన్న స్ట్రాట్ వాళ్లకి. స్ట్రాట్ హెడ్‌స్టాక్ నెక్‌తో తిన్నగా ఉంటుంది, కిందపడినా తరచుగా గీతలతో బతుకుతుంది. గిబ్సన్ హెడ్‌స్టాక్ 17 డిగ్రీలు వెనక్కి వంగి ఉంటుంది, ట్రస్ రాడ్ నట్ కోసం అక్కడ చెక్క తొలిచి ఉంటుంది. వెల్లకిలా పడితే విరిగేది సరిగ్గా అక్కడే. గోడకి ఆనించి టీ తాగడానికి వెళ్లొద్దు, స్టాండ్ లేకపోతే కేసులో పెట్టి మూత వేసి వెళ్లండి.