స్కాండినేవియన్ పాత ఫర్నిచర్, పాత డిజైన్ల బట్టలు: అపోహలు - వాస్తవాలు

కోపెన్‌హాగన్‌లో పాత కుర్చీలు, సోఫాలు బాగుచేసే ఒక చిన్న వర్క్‌షాప్‌లో పనిచేస్తాను. మా దగ్గరికి వచ్చేవి ఎక్కువగా 1940ల నుంచి 60ల దాకా తయారైనవి. ఇక్కడ స్థిరపడిన మన తెలుగువాళ్ళు కొత్త ఇల్లు తీసుకోగానే ఫోన్ చేస్తుంటారు: “అక్కా, టేకు సైడ్‌బోర్డు ఒకటి చవగ్గా దొరికింది, తీసుకోమంటావా?” తీసుకోమనే చెబుతాను. ఆ తర్వాత దానికి వాళ్ళు ఏం చేయాలనుకుంటున్నారో విన్నప్పుడే నాకు టెన్షన్.

అపోహ: టేకే కదా, శాండ్ పేపర్‌తో గట్టిగా రుద్దితే కొత్తదైపోతుంది.

వాస్తవం: మన ఊళ్ళలో టేకు తలుపంటే లోపలా బయటా టేకే. (ఇంగ్లిష్‌లో ‘టీక్’ అన్న మాట కూడా మన దక్షిణాది భాషల నుంచి వెళ్ళిందే.) డానిష్ సైడ్‌బోర్డు వేరు. కాళ్ళు, అంచులు గట్టి టేకు, పెద్ద పలకలు మాత్రం చాలావరకు వేరే చెక్క మీద అతికించిన టేకు వెనీర్. ఆ పొర చాలాసార్లు ఒక మిల్లీమీటరు మందం కూడా ఉండదు. ఇందులో మోసమేమీ లేదు. వెనీర్ వేసిన పలక వాతావరణానికి అంతగా వంగదు, దూరం నుంచి తెచ్చిన ఖరీదైన కలప కూడా ఎక్కువ వాటికి సరిపోతుంది.

పని నేర్చుకుంటున్న మొదటి ఏడాది ఒక సైడ్‌బోర్డు మూల దగ్గర మెషిన్ రెండు క్షణాలు ఎక్కువ ఆపాను. టేకు పొర పోయి కింది తెల్ల చెక్క బయటపడింది. దాన్ని ఎంత రంగు కలిపి సర్దినా మునుపటిలా రాలేదు. ఆ కుటుంబంలో మూడు తరాలు వాడిన వస్తువది. అప్పటి నుంచి వెనీర్ మీద మెషిన్ పెట్టలేదు.

చాలావాటికి చేయాల్సింది తక్కువే. గోరువెచ్చని సబ్బునీళ్ళలో ముంచి బాగా పిండిన గుడ్డతో చెక్క చారల వెంబడి తుడవాలి. ఒక రోజు ఆరనిచ్చి, పలచగా నూనె రాసి, మిగిలిన నూనెను అరగంటలోపు తుడిచేయాలి. ఇంకో మాట, ఇది చాలా ముఖ్యం: అవిసె నూనె పట్టిన గుడ్డలను ఉండ చుట్టి చెత్తబుట్టలో పడేయకండి. ఆరేటప్పుడు వాటిలో వేడి పుట్టి, నిప్పు తగలకుండానే అంటుకుంటాయి. నీళ్ళలో నానబెట్టండి, లేదా విప్పి బయట ఆరేయండి.

అపోహ: కాగితం తాడుతో అల్లిన సీటు నాలుగు రోజులు ఉండదు.

వాస్తవం: డానిష్ డిజైనర్ హాన్స్ వెగ్నర్ 1949లో గీసిన వై-కుర్చీ (వీపు ఆనించే చెక్క ఇంగ్లిష్ Y ఆకారంలో ఉంటుంది) 1950 నుంచి నేటిదాకా ఆగకుండా తయారవుతోంది. ఒక్కో సీటుకు సుమారు 120 మీటర్ల కాగితం తాడు పడుతుంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో సముద్రపు గడ్డితో పేనిన తాడు దొరక్క, దానికి బదులుగా ఈ తాడు వాడుకలోకి వచ్చింది. గట్టిగా మెలిపెట్టిన తాడు కాబట్టి మామూలుగా వాడితే ఇరవై ఏళ్ళయినా నిలుస్తుంది. నులక మంచం అల్లడం చూసినవాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది. మంచం కుక్కి అయితే పట్టెలు, కోళ్ళు పారేయం కదా, నులక మారుస్తాం. ఇదీ అంతే. సోఫాల కింద వేసే రబ్బరు నవారు కూడా ఎండి పెళుసెక్కుతుంది, అదీ మార్చుకునేదే. కూర్చుంటే కిందికి దిగిపోతోందని మంచి ఫ్రేమును పారేసినవాళ్ళను చూస్తే నిజంగా బాధేస్తుంది.

అపోహ: స్కాండినేవియన్ అంటే తెల్ల గోడ, బూడిద రంగు సోఫా.

వాస్తవం: ఇది ఈమధ్య ఫొటోలు చూసి ఏర్పడిన అభిప్రాయం. ఆస్ట్రియాలో పుట్టిన డిజైనర్ జోసెఫ్ ఫ్రాంక్ 1933లో స్వీడన్‌కు వచ్చి, స్టాక్‌హోమ్‌లో ఎస్ట్రిడ్ ఎరిక్సన్ నడిపిన గృహాలంకరణ దుకాణం స్వెన్‌స్క్ట్ టెన్ కోసం, బట్ట మీద అచ్చువేయడానికి పూలు, పక్షులు, తీగలు కిక్కిరిసిన డిజైన్లు గీశాడు. యుద్ధకాలంలో న్యూయార్క్‌లో ఉన్నప్పుడు ఆమె 50వ పుట్టినరోజుకు 50 డిజైన్లు కానుకగా పంపాడు. వాటిలో కొన్ని ఇప్పటికీ అచ్చవుతున్నాయి. ఫిన్లాండ్‌లో అచ్చు బట్టల కంపెనీ మారిమెక్కో స్థాపకురాలు ఆర్మి రతియా పూల డిజైన్లు వద్దన్నా, మాయా ఇసోలా 1964లో ‘ఉనిక్కో’ గీసింది. ఆ పెద్ద గసగసాల పూలే చివరికి ఆ కంపెనీకి గుర్తు అయ్యాయి. (ఫిన్లాండ్‌ను నార్డిక్ అనాలి, స్కాండినేవియా అనకూడదని ఇక్కడివాళ్ళు సరిదిద్దుతారు. అది నిజమే.)

ఈ బట్టలతో పనిచేసేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. డిజైన్ పెద్దది కాబట్టి పువ్వుకు పువ్వు కలిసేలా కత్తిరించాలంటే బట్ట ఎక్కువ పడుతుంది. దర్జీ చెప్పిన కొలతకే కొంటే చాలదు. అరవై ఏళ్ళ నాటి అసలు బట్ట చేతికి దొరికితే సోఫాకు వేయకండి. ఎండకు బలహీనపడిన దారం కూర్చున్న నెలకే చిరుగుతుంది. దాన్ని ఎండ తగలని గోడకు వేలాడదీయండి, సీటుకు అదే డిజైన్‌లో కొత్తగా అచ్చువేసింది వాడండి.

అపోహ: ఇప్పుడు తయారయ్యేవన్నీ నకిలీలే.

వాస్తవం: హక్కులున్నవాళ్ళు అసలు డ్రాయింగుల ప్రకారం చేసేది నకిలీ కాదు. డెన్మార్క్ సహకార సంఘం ఎఫ్‌డీబీ కోసం డిజైనర్ బోర్గె మోగెన్‌సెన్ 1947లో చేసిన జే39 కుర్చీ సామాన్యుల ఇళ్ళకోసం పుట్టింది, ఇప్పటికీ తయారవుతోంది. ఎఫ్‌డీబీ ఫర్నిచర్ కూడా 2013లో మళ్ళీ మార్కెట్లోకి వచ్చింది. చిన్న మార్పులూ ఉంటాయి. మనుషుల ఎత్తు పెరిగిందని కొన్ని కుర్చీలను రెండు సెంటీమీటర్లు పెంచారు. అందుకే పాత కుర్చీని కొత్త బల్లతో జత చేసేముందు టేపు పెట్టి కొలవండి. అనుమతి లేని కాపీ సంగతి వేరు. యూరప్‌లో కాపీరైట్ డిజైనర్ మరణించాక 70 ఏళ్ళు ఉంటుంది. వెగ్నర్ చనిపోయింది 2007లోనే.

అపోహ: రోజ్‌వుడ్ బల్లను ఇండియాకు తీసుకెళ్ళిపోవచ్చు, మన సామానే కదా.

వాస్తవం: ఆ కాలపు రోజ్‌వుడ్‌లో చాలాభాగం బ్రెజిల్‌ది. ఆ కలప 1992 నుంచి సైటిస్ (అంతరించే ప్రమాదమున్న జంతువులు, మొక్కల వ్యాపారాన్ని అదుపుచేసే అంతర్జాతీయ ఒప్పందం) లో అత్యంత కఠినమైన మొదటి జాబితాలో ఉంది. దేశం దాటించాలంటే పాత వస్తువుకైనా అనుమతి పత్రాలు కావాలి. యూరప్‌లో అమ్మాలన్నా సర్టిఫికెట్ ఉండాలి. హైదరాబాద్‌కు మకాం మారుస్తుంటే కంటైనర్ బుక్ చేయకముందే కలప ఏదో నిపుణులకు చూపించి, కాగితాలకు దరఖాస్తు పెట్టుకోండి.