కారు అద్దంలో గడ్డిమందు చుట్టం

మా బావమరిది ఈమధ్య సెకండ్ హ్యాండ్‌లో ఓ పెద్ద కారు కొన్నాడు. ఫీచర్లన్నీ ఏకరువు పెట్టి చివర్లో, "రాత్రిపూట వెనకనుంచి లైట్లు కొడితే అద్దాలు వాటంతటవే నల్లబడతయ్ బావా" అన్నాడు. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో చుట్టాల్ని దించి, రాత్రి పదకొండింటికి ఔటర్ రింగ్ రోడ్డు మీద గచ్చిబౌలి వైపు వస్తున్నాం. స్టీరింగ్ నా చేతిలో ఉంది. వెనకాల ఎవడో అప్పర్ లైట్లు వేసుకుని అంటుకున్నాడు. లోపలి అద్దం నాలుగైదు సెకన్లలో బుద్ధిగా ముదురు ఆకుపచ్చకి తిరిగింది. కుడిపక్క సైడు అద్దం మాత్రం టార్చి పట్టుకున్నట్టు నా కళ్లలోకే కొడుతోంది. "నల్లబడతయన్నవ్?" అంటే మావాడు ఫోన్‌లోంచి తల ఎత్తలేదు.

తెల్లారి వెలుతుర్లో చూస్తే సంగతి తెలిసింది. అద్దం కింది అంచున టీ గ్లాసు పెట్టి తీసినట్టు అరచందమామ ఆకారంలో గోధుమరంగు మరక. పక్కనే బఠాణీ గింజంత గాలిబుడగ. దాని కింద ప్లాస్టిక్ మీద జిగటగా ఒక చార.

ఆ అద్దం పనిచేయకపోతే వచ్చే ఇబ్బంది కళ్లు చికాకుపడటంతో ఆగదు. చీకట్లో చూడటానికి కంట్లోని రాడ్ కణాలు రొడాప్సిన్ అనే పదార్థాన్ని కూడబెట్టుకుంటాయి. గట్టి వెలుగు పడితే అది కరిగిపోతుంది, పూర్తిగా మళ్లీ పోగవడానికి అరగంట దాకా పడుతుంది. ఇది కాక, కంటి కటకంలో వెలుగు చెదిరి చూపుకు అడ్డంగా ఓ తెల్లటి తెర పరుస్తుంది. వయసుతో పాటు ఆ తెర చిక్కబడుతుంది. యాభై దాటిన నాకు కనబడనిది, పాతికేళ్ల మా బావమరిదికి కనబడుతుందంటే కారణం ఇదే. వాడు ఫోన్ చూడకపోతే.

పాత కార్లలో లోపలి అద్దం కింద చిన్న మీట ఉండేది. ఆ అద్దం పుచ్చకాయ ముక్కలా ఒకపక్క మందం, ఒకపక్క పల్చన. మీట లాగితే వెనక వెండిపూత నుంచి వచ్చే వెలుగంతా కారు టాప్ వైపు పోతుంది, ముందున్న ఒట్టి గాజు తిప్పికొట్టే నాలుగు శాతం మాత్రం మన కంటికి చేరుతుంది. కరెంటు లేదు, రసాయనం లేదు. నాకిప్పటికీ దానిమీదే మమకారం. సైడు అద్దానికి ఆ కిటుకు కుదరదు. 120 వేగంలో కిటికీ దించి చెయ్యి బయటపెట్టమనలేం కదా.

అందుకని రసాయనం వచ్చింది. పొగ అలారాలు చేసే జెంటెక్స్ అనే అమెరికా కంపెనీ 1982లో మోటారుతో కదిలే అద్దాన్నీ, 1987లో జెల్‌తో నల్లబడే అద్దాన్నీ మార్కెట్‌లోకి తెచ్చింది. రెండు గాజు పలకల మధ్య ఓ సన్నటి సందు. పలకల లోపలివైపు కరెంటు పారే పారదర్శక పూత, మన ఫోన్ టచ్ స్క్రీన్లలో ఉండేలాంటిదే. సందులో జెల్. ఆ జెల్‌లో రెండు రకాల అణువులుంటాయి, ఒకటి ఎలక్ట్రాన్ పుచ్చుకునేది, ఒకటి ఇచ్చేది. 1.2 వోల్టులు, అంటే గోడగడియారంలో వేసే పెన్సిల్ సెల్ కంటే తక్కువ వోల్టేజి ఇస్తే చాలు, రెండూ రంగు తిరుగుతాయి. కరెంటు ఆపగానే అవి జెల్‌లో ఒకదానికొకటి ఎదురుపడి ఎలక్ట్రాన్ తిరిగి ఇచ్చేసుకుంటాయి, అద్దం తేటపడుతుంది. వైరు తెగినా తేటగానే ఉండిపోతుంది. చెడిపోతే నల్లగా ఉండిపోవడం కంటే అదే నయం.

ఎలక్ట్రాన్ పుచ్చుకునే ఆ అణువుల పేరు వయొలెజెన్లు. వయొలెట్ రంగుకు తిరుగుతాయని 1933లో లియోనోర్ మైకేలిస్ అనే శాస్త్రవేత్త పెట్టిన పేరు. డిగ్రీలో ఎంజైముల లెక్కలు చేసినవాళ్లకు ఈ మైకేలిస్ బాగా గుర్తుంటాడు. ఈ కుటుంబంలో మిథైల్ వయొలెజెన్ అని ఒకటుంది. దాన్ని మనం వేరే పేరుతో ఎరుగుదుం: పారాక్వాట్. పత్తి చేలల్లో కొట్టే గడ్డిమందు. మీ కారు అద్దంలో ఉన్నది పారాక్వాటే అనడం లేదు, అద్దాలవాళ్లు అణువు తోకలు మారుస్తారు. గుణం మాత్రం ఒకటే. గడ్డి ఆకులో ఎండవల్ల కదిలే ఎలక్ట్రాన్లను పారాక్వాట్ మధ్యలో కాజేసి ఆక్సిజన్ చేతిలో పెడుతుంది. ఆ ఎలక్ట్రాన్ పట్టిన ఆక్సిజన్ ఆకును మాడ్చేస్తుంది.

అద్దం చెడిపోయే తీరు కూడా దాదాపు ఇదే కథ. పలకల అంచున సీలు ఉన్నంతకాలం జెల్‌కి ఆక్సిజన్ తగలదు. సైడు అద్దానిది బయటి బతుకు. మేలో 42 డిగ్రీల ఎండలో నిలబడాలి, జూన్‌లో వాన తాగాలి, వాటర్ సర్వీసింగ్‌లో ప్రెషర్ గన్ దెబ్బ కాయాలి, సందులో ఆటో హ్యాండిల్ తగిలితే మడత పడాలి. ఎప్పుడో సీలు ఓ చోట విడుతుంది. గాలి చొరబడి వయొలెజెన్ పుచ్చుకున్న ఎలక్ట్రాన్‌ను లాక్కుంటుంది. రంగు నిలవదు, బుడగ చేరుతుంది, జెల్ కారుతుంది. కారిన జిగటను ఉత్తచేత్తో తుడవొద్దు. గ్లవ్స్ వేసుకోండి, పిల్లల్ని దగ్గరికి రానీయొద్దు. దాంట్లోని ద్రావకం కారు పెయింటునూ తింటుంది.

కారు విడిభాగాలు దొరికే పుత్లీబౌలిలో అద్దం చూపిస్తే కొట్టు భాయ్ గోటితో మరక మీద ఒక్కటి కొట్టి, "అందర్‌కా మసాలా నికల్‌గయా సాబ్" అన్నాడు. నేను రెండు పేరాల్లో చెప్పింది అదే. కొత్త ఒరిజినల్ గ్లాస్ ధర చెప్పగానే మా బావమరిది ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు.

అయితే ప్రతి ఫిర్యాదుకూ జెల్‌ది తప్పు కాదు. చాలా కార్లలో సైడు అద్దానికి సొంత కళ్లు లేవు. సెన్సర్లు రెండూ లోపలి అద్దానికే ఉంటాయి. ముందుకు చూసేది బయట రాత్రా పగలా అని కనిపెడుతుంది, వెనక్కి చూసేది లైట్లను. లోపలి అద్దం నిర్ణయించి, వైరు ద్వారా సైడు అద్దాన్ని ఆడిస్తుంది. ఔటర్ మీద మన కుడి లేన్లో దూసుకొచ్చే ఎస్‌యూవీ వెలుగు నేరుగా కుడి సైడు అద్దంలో పడుతుంది. కారు వెనక గాజు గుండా లోపలి సెన్సర్‌కి మాత్రం ఏటవాలుగా, అరకొరగా అందుతుంది. అది "ఏం లేదులే" అనుకుంటుంది. అద్దం కొత్తదైనా ఈ ఇబ్బంది తప్పదు. దీన్ని రిపేరు అనలేం, డిజైన్‌లోనే ఉన్న లోటు.

కారు వెనక గాజు గుండా కనీసం 70 శాతం కాంతి పారాలని 1989 నాటి మోటారు వాహనాల నిబంధనలున్నాయి. అయినా ఫిల్మ్ వేసి, పిల్లలకు ఎండ తగలకుండా జాలీ తెర కట్టేస్తే వెనక సెన్సర్‌కి ఇంకేం కనబడుతుంది? ముందు సెన్సర్‌కి వేరే గండం. మా బావమరిది కారులో పాత ఓనర్ ఫాస్టాగ్, దాని పక్కన కొత్త ఫాస్టాగ్, ఇంకా ఒక డ్యాష్‌క్యామ్, మూడూ అద్దం వెనకే గుంపుగా ఉన్నాయి. సెన్సర్‌కి అదంతా చీకటి. పట్టపగలు లోపలి అద్దం మసకగా ఉంటే, అదేదో స్టైల్ అనుకున్నాడు మావాడు. పాత స్టిక్కర్ గీకి, కెమెరా పక్కకి జరిపితే తేటపడింది.

ఇంట్లోనే తేల్చుకోవచ్చు. ఇగ్నిషన్ ఆన్ చేసి, గేరు న్యూట్రల్‌లో ఉంచండి. రివర్స్‌లో ఉంటే అద్దాలు కావాలనే తేటగా ఉంటాయి. ముందు సెన్సర్‌ను వేలితో మూసి, వెనక సెన్సర్‌కి ఫోన్ టార్చి చూపండి. లోపలి అద్దం నల్లబడి సైడుది నల్లబడకపోతే తలుపులోని వైరో, కనెక్టరో, అద్దమో పోయినట్టు. రెండూ నల్లబడకపోతే లోపలి అద్దం దగ్గరే వెతకాలి. ఎవరైనా బ్యాటరీ నుంచి నేరుగా 12 వోల్టులు ఇచ్చి చూద్దామంటే ఒప్పుకోకండి, బాగున్న జెల్ కూడా మాడిపోతుంది.

చివరికి మావాడు మామూలు గ్లాసే వేయించాడు. భాయ్ అద్దం మీది ఆవిరి పోగొట్టే హీటర్ వైర్లు తగిలించి, డిమ్మింగ్, అంటే నల్లబరచడం తాలూకు సన్నటి వైర్లు రెంటికీ టేపు చుట్టి లోపలికి నెట్టేశాడు. వస్తూ వస్తూ ఆ అద్దాన్ని కాస్త బయటికి తిప్పాను. కారు పక్కభాగం అంచు మాత్రమే కనబడేంత. వెనకవాడి లైట్లు ఇప్పుడు కంట్లోకి కాకుండా భుజం పక్కనుంచి పోతున్నాయి.

మెహిదీపట్నం దాటాక మావాడు అడిగాడు, "అమ్మేటప్పుడు ఆటో డిమ్మింగ్ ఉందని చెప్పొచ్చా బావా?"

"లోపల ఉందని చెప్పు" అన్నాను.