ఏజెంట్లు వచ్చేశాయి, వాటికి అందాల్సిన డేటానే ఇంకా రాలేదు

భీమవరం చుట్టుపక్కల చెరువుల వాళ్ళ వాట్సాప్ గ్రూపులు చూసినా, కోనసీమ రైతుల గ్రూపులు చూసినా ఈమధ్య ఒకటే మాట, ఏఐ ఏజెంట్ వస్తుందంట, రేట్లు అదే చూసుకుంటుందంట, ఇన్సూరెన్స్ లెక్క అదే తీస్తుందంట, మనం నోటితో చెబితే చాలంట అని. చాలామంది ఇది మొన్నమొన్న పుట్టిందే అనుకుంటున్నారు. కాదండి. ఇరవై అయిదేళ్ళ కిందటే ఇదే ఆశ ఇంచుమించు ఇదే రూపంలో చెప్పారు, దానికోసం స్టాండర్డ్స్ రాశారు, సాఫ్ట్‌వేర్లు కట్టారు, గవర్నమెంట్లు డబ్బు పెట్టాయి, తర్వాత ఒకచోట బండి ఆగింది. ఆ ఆగిన చోటే ఇవాళ మన డెల్టాలో కూడా అడ్డం పడుతోంది, అందుకే ఆ కథ మొదట్నుంచీ చెప్పుకోవాలి.

ముందు ఏజెంట్ల సంగతి. ఏజెంట్ అంటే మనం ప్రతి బటనూ నొక్కకుండా, పని అప్పజెబితే తనంతట తాను చేసుకొచ్చే ప్రోగ్రామ్. 1980లో రీడ్ స్మిత్ అనే ఆయన కాంట్రాక్ట్ నెట్ అని ఒక పద్ధతి రాశాడు, ఒక ప్రోగ్రామ్ నా దగ్గర ఈ పని ఉంది అని ప్రకటిస్తే మిగతా ప్రోగ్రాములు మేం చేస్తాం అని బిడ్లు వేస్తాయి, అందులో ఒకదానికి పని దక్కుతుంది. 1990ల మొదట్లో ఆస్ట్రేలియాలో ఆనంద్ రావు, మైకేల్ జార్జెఫ్ కలిసి ఏజెంట్ లోపల నమ్మకం, కోరిక, సంకల్పం అనే మూడూ ఎలా ఉండాలో లెక్కప్రకారం రాసిపెట్టారు, ఇప్పటికీ ఆ రంగంలో అది పునాది పాఠమే. 1994లో ఎంఐటీ నుంచి పాటీ మేస్ అయితే ఈమెయిల్ సర్దిపెట్టే, మీటింగులు కుదిర్చే ఏజెంట్ల గురించి రాసింది. 1996లో ఫిపా అనే సంస్థ పెట్టి, ఏజెంట్లు ఒకదానితో ఒకటి ఎలా మాట్లాడుకోవాలో స్టాండర్డ్ తయారు చేశారు. నేను అడుగుతున్నా, నేను ఒప్పుకుంటున్నా, నేను తిరస్కరిస్తున్నా, ఇలాంటి మాటలన్నీ అందులో ఉన్నాయి.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, మాట్లాడే మర్యాద కుదిరింది గానీ మాట్లాడే విషయం మీద ఒప్పందం లేదు. రేటు ఎంత అని ఒక ఏజెంట్ అడిగితే రెండోది చెబుతుంది, కానీ ఆ రేటు క్వింటాకా బస్తాకా, మిల్లు దగ్గరా కళ్ళం దగ్గరా అన్నది ఇద్దరికీ ఒకేలా తెలిసుండాలి కదా. సరిగ్గా ఇక్కడే సెమాంటిక్ వెబ్, అంటే వెబ్‌లో ఉన్నదాని అర్థం మెషీన్లకీ తెలిసేలా రాయాలన్న ప్రయత్నం, ఆ కథ వచ్చి కలుస్తుంది.

వెబ్ కనిపెట్టిన టిమ్ బెర్నర్స్‌లీకి పేజీలు మనుషులు చదవడానికి ఉంటే సరిపోదు, మెషీన్లకి కూడా అర్థమవ్వాలి అన్న ఆలోచన ముందే ఉంది, 1994లో జెనీవాలో జరిగిన మొదటి వెబ్ కాన్ఫరెన్స్‌లోనే ఆ మాట అన్నాడు. 1999లో వెబ్ స్టాండర్డ్స్ రాసే సంస్థ డబ్ల్యూ3సీ ఆర్‌డీఎఫ్ అనే పద్ధతిని స్టాండర్డ్‌గా తెచ్చింది, దాని వెనక గట్టిగా పనిచేసినవాళ్ళలో మన ఐఐటీ మద్రాసులో చదివిన రామనాథన్ గుహ ఒకడు. 2001 మే నెలలో బెర్నర్స్‌లీ, జేమ్స్ హెండ్లర్, ఓరా లాసిలా కలిసి సైంటిఫిక్ అమెరికన్‌లో వ్యాసం రాశారు, అందులో ఇద్దరు తోబుట్టువులు, వాళ్ళమ్మకి ఫిజియోథెరపీ కావాల్సొస్తే, ఏజెంటే డాక్టర్ రాసిచ్చింది తెలుసుకుని, ఇన్సూరెన్స్ ఒప్పుకునే సెంటర్లలో ఇంటికి దగ్గరున్నవి వెతికి, ఇద్దరి ఖాళీ టైములూ చూసి అపాయింట్‌మెంట్ కుదురుస్తుంది. ఇవాళ కంపెనీలు చూపించే డెమోలు చూడండి, అదే కథ. అప్పటికే అమెరికా రక్షణ శాఖ పరిశోధన సంస్థ డార్పా దీనికి డబ్బు పెట్టింది, ఆ ప్రోగ్రామ్ నడిపింది హెండ్లరే. 2004లో పదాల అర్థాలూ వాటి సంబంధాలూ మెషీన్‌కి రాసిచ్చే ఔల్ అనే భాష, 2008లో ఆ డేటాని అడగడానికి స్పార్కల్ అనే ప్రశ్నల భాష వచ్చాయి.

ఆర్‌డీఎఫ్‌లో అసలు పని చిన్నదే. ప్రతి సంగతినీ మూడు ముక్కలుగా రాస్తారు: దేని గురించి, దానికున్న సంబంధం ఏంటి, దేనితో. మన మారుటేరు రీసెర్చ్ స్టేషన్ ఇచ్చిన స్వర్ణ వరినే తీసుకోండి, దాని నంబరు ఎంటీయూ 7029. ఎంటీయూ 7029, ఇది ఫలానా రకం, వరి. ఎంటీయూ 7029, తయారైన చోటు, మారుటేరు. స్వర్ణ సబ్1, దీని నుంచి వచ్చింది, ఎంటీయూ 7029. స్వర్ణ సబ్1, తట్టుకునేది, ముంపు. ఇందులో ప్రతి ముక్కకీ వెబ్ అడ్రస్‌లాంటి ఒక శాశ్వత గుర్తు ఉంటుంది, ఒకళ్ళు స్వర్ణ అన్నా ఇంకొకళ్ళు 7029 అన్నా గుర్తు ఒకటే, సబ్1కి మాత్రం గుర్తు వేరు. ఆ తేడా మామూలుది కాదు, 2009లో విడుదలైన సబ్1 రెండు వారాల దాకా నీళ్ళలో మునిగినా తేరుకుంటుంది, మామూలు స్వర్ణకి ఆ శక్తి లేదు, వరదొచ్చిన ఏడాది డ్రెయిన్ పక్క చేనున్నవాడికి ఆ ఒక్క ముక్కే పంట.

ఇంత బావుంటే ఎందుకు ఆగింది అంటే, నా ఉద్దేశంలో టెక్నాలజీ లోపం సగమే. ఔల్ లాంటివి మామూలు వెబ్ డెవలపర్‌కి కొరుకుడుపడలేదు, అది నిజం. కానీ అసలు విషయం, ఈ గుర్తులు పెట్టే చాకిరీ ఒకడిది, లాభం ఇంకొకడిది. ఆఫీసులో కూర్చుని పట్టిక ఎక్కించే మనిషికి ఈ పూట పని అయిపోవడం ముఖ్యం, ఎవడో ఎప్పుడో వాడుకుంటాడని ఎందుకు కష్టపడతాడు. కోరీ డాక్టరో అనే రచయిత 2001లోనే ఈ మాట రాశాడు, జనం బద్ధకిస్తారు, తప్పులు రాస్తారు, కావాలని అబద్ధాలూ రాస్తారు అని. చివరికి ఎక్కడ లాభం కనిపించిందో అక్కడే ఇది బతికింది. 2010లో గూగుల్, ఫ్రీబేస్ అనే ఇలాంటి సంగతుల భండారాన్ని తయారుచేసిన మెటావెబ్ కంపెనీని కొనేసింది, 2012లో తన సెర్చ్ వెనక నాలెడ్జ్ గ్రాఫ్ అని అలాంటిదే పెట్టింది. 2011లో సెర్చ్ కంపెనీలు కలిసి స్కీమా డాట్ ఆర్గ్ అనే ఉమ్మడి గుర్తుల జాబితా తెచ్చాయి, దాని వెనకా గుహే ఉన్నాడు, అందులో చెప్పినట్టు గుర్తులు పెడితే సెర్చ్‌లో మీ పేజీ బాగా కనపడుతుంది కాబట్టి లక్షల సైట్లు పెట్టుకున్నాయి. 2012లో వికీపీడియా వాళ్ళ సంగతుల భండారం వికీడేటా వచ్చింది, అది మాత్రం వాలంటీర్ల చేతి పని, తెలుగు వాళ్ళు కూడా అందులో ఊళ్ళ పేర్లు ఎక్కిస్తున్నారు, ఆ పనికి దక్కాల్సిన గౌరవం దక్కట్లేదని నాకనిపిస్తుంది.

తర్వాతది మీకు తెలిసిందే. 2022 చివర చాట్‌జీపీటీ వచ్చింది, భాష అర్థం చేసుకోవడం అనే గోడ చాలావరకు కూలిపోయింది. 2024 నవంబర్‌లో ఆంత్రోపిక్ అనే ఏఐ కంపెనీ ఎంసీపీ, 2025 ఏప్రిల్‌లో గూగుల్ ఏ2ఏ తెచ్చాయి, మొదటిది ఏజెంట్‌ని బయటి డేటాకీ టూల్స్‌కీ కలపడానికి, రెండోది ఏజెంట్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోడానికి, అంటే ఫిపా చేద్దామనుకున్న పనే. ఇంక గుర్తులూ గిర్తులూ ఎందుకు, ఏఐ మోడలే అర్థం చేసుకుంటుంది అనే వాళ్ళు చాలామంది ఉన్నారు. కొంతవరకు ఒప్పుకుంటాను, సార్వా అన్నా ఖరీఫ్ అన్నా ఒకటేనని దానికి తెలుసు. కానీ డేటాలోనే లేనిదాన్ని అది ఎక్కడ్నుంచి తెస్తుంది?

మన జిల్లాలే చూడండి. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. అంతకుముందు తూర్పు గోదావరికి కాకినాడ, పశ్చిమకి ఏలూరు కేంద్రాలు. ఇప్పుడు కాకినాడ తూర్పు గోదావరిలో లేదు, ఏలూరు పశ్చిమలో లేదు, రెండూ వేరే జిల్లాలు. అమలాపురం కోనసీమకి వెళ్ళింది. పడమటి ఒడ్డున ఉన్న కొవ్వూరు, నిడదవోలు తూర్పు గోదావరిలోకి వచ్చాయి. పేరు మాత్రం అదే పేరు, తూర్పు గోదావరి. 2020 పట్టికలోనూ అదే, 2024 పట్టికలోనూ అదే, రెంటినీ పక్కపక్కన పెట్టి దిగుబడి తగ్గిందా పెరిగిందా అని ఏజెంట్‌ని అడిగితే అది చక్కగా ఒక శాతం చెప్పేస్తుంది, ఆ శాతానికి అర్థం లేదు, ఎందుకంటే అవి రెండు వేరు వేరు భూభాగాలు.

ఇది కాగితం మీద గొడవ కాదండి. ఫసల్ బీమా పద్ధతిలో గ్యారంటీ దిగుబడి, అంటే పంట అంతకన్నా తగ్గితే బీమా వచ్చే హద్దు, తీయాలంటే వెనకటి ఏడేళ్ళలో బాగా పండిన అయిదేళ్ళ సగటు తీసుకుంటారు. ఆ ఏడేళ్ళలో 2022 మధ్యలో పడుతుంది. కొవ్వూరు మండలం పాత ఏళ్ళన్నీ పశ్చిమ గోదావరి కింద, కొత్త ఏళ్ళు తూర్పు గోదావరి కింద ఉంటే, జిల్లా పేరూ మండలం పేరూ కలిపి వెతికే ప్రోగ్రామ్‌కి సగం ఏళ్ళు కనపడవు. నాకింత రావాలి అని రైతు లెక్క చూసుకోబోతే ఆ లెక్కే తప్పుతుంది.

రొయ్యల దగ్గరా ఇలాంటిదే ఉంది. మన దగ్గర 30 కౌంట్ అంటే కిలోకి 30, అంటే ఒక్కోటి 33 గ్రాములు. అమెరికా మార్కెట్‌లో కౌంట్ పౌనుకి లెక్క, అక్కడ 30 అంటే ఒక్కోటి 15 గ్రాములు. అక్కడి ధర చూసి ఇక్కడ పట్టుబడి ఎప్పుడు పెట్టాలో చెప్పే ఏజెంట్‌కి యూనిట్ రాసి లేకపోతే సగం సైజు రొయ్య ధరని మన రొయ్యకి అంటగడుతుంది. ధాన్యంలో కూడా మనవాళ్ళ బస్తా 75 కిలోలు, గవర్నమెంట్ మద్దతు ధర క్వింటాకి.

దీనికి కావాల్సిన సరుకు కొత్తగా కనిపెట్టక్కర్లేదు. వ్యవసాయ పదాలకి ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ ఎఫ్ఏఓ నడిపే అగ్రోవాక్ అనే పదాల జాబితా ఉంది, అందులో తెలుగు కూడా ఉంది. జిల్లాలకి, మండలాలకి, పంచాయితీలకి కేంద్రం లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో కోడ్‌లు ఇచ్చింది. పట్టికలు బయటపెట్టేవాళ్ళు పేరు పక్కన ఆ కోడ్, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఆ హద్దులు, కొలత ఏ యూనిట్‌లో, ఈ మూడు కాలమ్స్ పెడితే చాలు. పాతవన్నీ తిరగరాయక్కర్లేదు కూడా. ఉమ్మడి రెండు జిల్లాలకీ కలిపి మండలాలు వంద పైచిలుకు, ఏ మండలం ఏ రోజు దాకా ఎక్కడుంది, తర్వాత ఎక్కడికెళ్ళింది అని ఒక పట్టిక, 2014లో తెలంగాణ నుంచి వచ్చి కలిసిన పోలవరం ముంపు మండలాలతో సహా. శ్రద్ధగల మనిషి ఒక్కడు కొద్దిరోజుల్లో చెయ్యగలడు, 1999 నాటి ఆర్‌డీఎఫ్‌లో రాసి అందరికీ తెరిచి పెడితే ఏ కంపెనీ ఏజెంట్ అయినా దాన్నే చదువుకుంటుంది.