జెనరిక్ మందులు: కౌంటర్ ఇవతలి నుంచి కొన్ని అపోహలు

పేరున్న బ్రాండులో ఉండే మందునే వేరే కంపెనీ తయారుచేసి అమ్మితే దాన్ని జెనరిక్ అంటాం. మా మందుల షాపుకొచ్చే ఒక పెద్దాయన జెనరిక్ స్ట్రిప్ ఇస్తే చాలు, దొంగనోటును చూసినట్టు వెలుతురుకు పట్టి చూస్తాడు. "ఇంత తక్కువకి ఇస్తున్నావ్, ఇది పనిచేస్తుందా బాబూ?" అని అడుగుతాడు.

అపోహ: ధర తక్కువైతే పవరూ తక్కువే.

షుగరుకి వాడే మెట్‌ఫార్మిన్ ఏ పేరుతో వచ్చినా మెట్‌ఫార్మినే. నాసిరకం బ్యాచ్‌లు లేవని నేను అనను. కాకపోతే కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ నెలనెలా పెట్టే నాసిరకం మందుల జాబితాలో పేరు మోసిన బ్రాండ్లూ ఉంటాయి.

అపోహ: తయారీ ఖర్చును బట్టే రేటు.

కాలేయం, కిడ్నీ క్యాన్సర్లకు వాడే సోరాఫెనిబ్‌ను చూడండి. బేయర్ కంపెనీ నెల మందును రూ.2.8 లక్షలకు అమ్మేది. ఆ మందు మీద పేటెంట్, అంటే దాన్ని తయారుచేసి అమ్ముకునే ప్రత్యేక హక్కు, బేయర్‌దే. 2012 మార్చిలో పేటెంట్ కంట్రోలర్ మన హైదరాబాద్ కంపెనీ నాట్కోకు కంపల్సరీ లైసెన్స్ ఇచ్చారు, అంటే బేయర్ ఒప్పుకోకపోయినా ఆ మందు తయారుచేసే అనుమతి. దేశంలో అదే మొదటిది. బేయర్‌కు 6 శాతం రాయల్టీ కడుతూనే నాట్కో అదే మందును నెలకు రూ.8,880 మించకుండా అమ్మాలని అప్పుడు షరతు పెట్టారు. అంతకుముందు 2001లో మన సిప్లా కంపెనీ హెచ్‌ఐవీ మందుల కాంబినేషన్‌ను ఏడాదికి 350 డాలర్లకే ఇస్తానంది. అప్పటికి పెద్ద కంపెనీల రేటు 10,000 డాలర్ల పైమాటే. మన 1970 పేటెంట్ చట్టం మందుకు కాకుండా తయారీ పద్ధతికే పేటెంట్ ఇచ్చింది, అదే మందును వేరే పద్ధతిలో ఎవరైనా చేసుకోవచ్చు కాబట్టే అది కుదిరింది. 2005 నుంచి మందుకే పేటెంట్ ఇస్తున్నారు.

అపోహ: జెనరిక్ అంటే చవకే.

ఇది మా వాళ్లకు నచ్చని మాట. కొన్ని జెనరిక్‌ల మీద ఎమ్మార్పీ బ్రాండుతో సమానంగా ఉంటుంది, షాపుకు పడేది మాత్రం చాలా తక్కువ. "సగం ధరకే" అని బోర్డు పెట్టినా షాపువాడికి బోలెడు మిగులుతుంది. డిస్కౌంటు చూసి మురిసిపోకండి. అదే మందు జన ఔషధి కేంద్రంలో ఎంతో అడిగి చూడండి.

అపోహ: చవకది మేమే మార్చి ఇవ్వొచ్చు.

చీటీలో బ్రాండు పేరు రాసి ఉంటే మా అంతట మేము మార్చడానికి చట్టం ఒప్పదు. డాక్టరుగారు చీటీ రాస్తున్నప్పుడే "బ్రాండు పేరే కాదు, మందు అసలు పేరు కూడా రాయండి సార్" అని అడగండి. మూర్ఛకూ థైరాయిడ్‌కూ వాడేవాళ్లు మాత్రం చవకైనా సరే, డాక్టరుకు చెప్పకుండా కంపెనీ మార్చకండి. ఈ మందుల మోతాదులో చిన్న తేడా కూడా ఒంటికి తెలిసిపోతుంది.