ఒప్పందం ముగిసింది, సీజన్ ఆగింది: భారత ఫుట్‌బాల్ ఇక్కడిదాకా ఎలా వచ్చింది?

2025 డిసెంబర్ 7న గోవాలో సూపర్ కప్ ఫైనల్ జరిగింది. ఎఫ్‌సీ గోవా, ఈస్ట్ బెంగాల్ జట్లు అదనపు సమయం దాకా పోరాడినా ఒక్క గోల్ పడలేదు. చివరికి పెనాల్టీల్లో గోవా నెగ్గింది. ఆ మర్నాడే, డిసెంబర్ 8న, అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యకూ దాని వ్యాపార భాగస్వామికీ మధ్య 15 ఏళ్లుగా నడిచిన ఒప్పందం గడువు తీరిపోయింది. అంతకుముందు ఏడాది ఇండియన్ సూపర్ లీగ్ సెప్టెంబర్‌లోనే మొదలైంది. ఈసారి డిసెంబర్ వచ్చినా ఒక్క మ్యాచ్ జరగలేదు. ఎప్పుడు మొదలవుతుందో తేదీ లేదు, డబ్బు పెట్టేవాళ్లు లేరు. కొన్ని క్లబ్బులు అప్పటికే కార్యకలాపాలు ఆపేశాయి. ఆటగాళ్ల జీతాలకు కోత పడింది.

ఒక కాగితం గడువు తీరితే దేశంలోకెల్లా పెద్ద లీగ్ ఆగిపోవడం ఏమిటి? జవాబు కోసం కాస్త దూరం వెనక్కి వెళ్లాలి.

మన దేశంలో ఫుట్‌బాల్ కప్పులతో మొదలైంది. 1888లో సిమ్లాలో బ్రిటిష్ సైనికుల కోసం డ్యూరాండ్ కప్ పెట్టారు. ఆసియాలో అంతకన్నా పాత టోర్నీ లేదు. 1891లో బొంబాయిలో రోవర్స్ కప్, 1893లో కలకత్తాలో ఐఎఫ్ఏ షీల్డ్ వచ్చాయి. 1911లో ఆ షీల్డ్ ఫైనల్లోనే మోహన్ బగాన్ ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ను 2-1తో ఓడించింది. కలకత్తాకు 1898 నుంచే సొంత లీగ్ ఉంది. కానీ దేశం మొత్తానికి ఒక లీగ్ అనే ఊహ దాదాపు వందేళ్లు ఎవరికీ రాలేదు. ఊళ్లో లీగ్ ముగించుకుని రైలెక్కి ఒక కప్ నుంచి మరో కప్‌కు తిరగడమే అప్పటి సీజన్. 1941 నుంచి రాష్ట్రాల జట్లకు సంతోష్ ట్రోఫీ కూడా తోడైంది.

ఆ కప్పుల కాలంలో హైదరాబాద్‌ది ఎంత పెద్ద పేరో ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. 1950లో డ్యూరాండ్ కప్ ఫైనల్లో మోహన్ బగాన్‌నే ఓడించింది. ఆ జట్టును తీర్చిదిద్దింది సయ్యద్ అబ్దుల్ రహీమ్ అనే బడి పంతులు. అందరికీ ఆయన రహీమ్ సాబ్. 1951, 1962 ఆసియా క్రీడల్లో భారత్‌కు స్వర్ణాలు వచ్చినప్పుడూ, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో జట్టు సెమీఫైనల్ చేరినప్పుడూ కోచ్ ఆయనే. సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరామ్ 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద గోల్ కొట్టాడు. 1956-57, 1957-58ల్లో హైదరాబాద్, 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ నెగ్గాయి. ఆ తర్వాత ఆ ట్రోఫీ తెలుగు నేలకు రాలేదు. 2024 డిసెంబర్ 31న దాని ఫైనల్ గచ్చిబౌలిలోనే జరిగింది. ఆడింది మాత్రం బెంగాల్, కేరళ.

రహీమ్ సాబ్ జట్టులో ఒక విషయం గమనించాలి. ఆ ఆటగాళ్లు పోలీసు ఉద్యోగులు. సాయంత్రం మైదానంలో ఎంత బాగా ఆడినా ఆడకపోయినా నెల తిరిగేసరికి సర్కారు జీతం అందేది. మోకాలు దెబ్బతిని ఆట మానేసినా ఉద్యోగం ఉండేది. ఒక్క హైదరాబాద్‌లోనే కాదు. రైల్వే, సైన్యం, బ్యాంకులు, మిల్లులు, పోర్టు ట్రస్టులు ఇలాగే ఆటగాళ్లకు ఉద్యోగాలిచ్చి జట్లు నడిపాయి. పేద ఇంటి కుర్రాడికి ఫుట్‌బాల్ అంటే ఒక సర్కారు కొలువుకు దారి. ఈ పద్ధతిలో లోపాలు చాలానే ఉన్నాయి. ఆటగాడి స్థాయి పెరగడానికి కావలసిన ఒత్తిడి, శిక్షణ, పోటీ అందులో దొరకవు. ఆసియాలో మిగతా దేశాలు ప్రొఫెషనల్ లీగులు పెట్టుకుని ముందుకు పోతుంటే మనం కప్పుల చుట్టూనే తిరిగాం. అయినా ఆటగాడి బతుకు ఒక టీవీ ఒప్పందం మీద వేలాడలేదన్నది నిజం.

1977లో ఫెడరేషన్ కప్ వచ్చింది. దేశానికి అసలు లీగ్ 1996లో గానీ రాలేదు. నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ మొదటి టైటిల్ పంజాబ్‌లోని ఫగ్వారాకు చెందిన జేసీటీ మిల్స్ గెలిచింది. 2007లో దాన్నే ఐ-లీగ్‌గా మార్చారు. పేరుకు ప్రొఫెషనల్ లీగ్ అయింది గానీ ఆదాయం రాలేదు. టికెట్ల డబ్బు అంతంత మాత్రం, టీవీ డబ్బు మరీ తక్కువ. యజమాని జేబులోంచి ఖర్చు పెట్టినన్నాళ్లే జట్టు. 2010లో మహీంద్రా యునైటెడ్ మూతపడింది. మరుసటి ఏడాది జేసీటీ కూడా పోయింది. మొట్టమొదటి జాతీయ లీగ్ గెలిచిన జట్టు పదిహేనేళ్లకే కనుమరుగైంది.

సరిగ్గా ఆ సమయంలోనే సమాఖ్య 2010 డిసెంబర్‌లో ఐఎంజీ-రిలయన్స్‌తో సంతకం చేసింది. 15 ఏళ్లకు 700 కోట్ల రూపాయలు. బదులుగా ప్రసారం, స్పాన్సర్లు, ప్రకటనలు, జాతీయ జట్టుతో వచ్చే వ్యాపారం, కొత్త లీగ్ పెట్టుకునే హక్కు, అన్నీ ఆ సంస్థ చేతికి. ఆ డబ్బు లేకపోతే సమాఖ్య రోజువారీ ఖర్చులకే కటకటలాడేది కాబట్టి సంతకం చేసినవాళ్ల ఇబ్బంది అర్థమవుతుంది. అయితే ఆ రోజు అమ్మింది హక్కులను మాత్రమే కాదని నా అభిప్రాయం. సీజన్ ఎప్పుడు మొదలవ్వాలి, ఎవరు ఆడాలి అన్న నిర్ణయం కూడా మెల్లగా సమాఖ్య చేయి దాటింది.

2014 అక్టోబర్ 12న కోల్‌కతా సాల్ట్‌లేక్ స్టేడియంలో ఇండియన్ సూపర్ లీగ్ మొదలైంది. ఎనిమిది జట్లు, సినిమా తారలు, క్రికెటర్ల పెట్టుబడులు, పేరున్న విదేశీ ఆటగాళ్లు. స్టేడియాలు నిండాయి. కొత్త తరం ప్రేక్షకులు వచ్చారు. ఆటగాళ్ల జీతాలు మునుపెన్నడూ లేనంత పెరిగాయి. ఈ మేలును తక్కువ చేయకూడదు. కానీ అది ఫ్రాంచైజీల లీగ్. డబ్బు కడితే చోటు. ఓడితే కిందికి దిగడం లేదు, కింద గెలిస్తే పైకి ఎక్కడం లేదు. పక్కనే ఐ-లీగ్ నడుస్తున్నా చూపంతా కొత్తదాని మీదే. 2016లో గోవా క్లబ్బులైన డెంపో, సాల్గావ్‌కర్, స్పోర్టింగ్ ఐ-లీగ్ నుంచి తప్పుకున్నాయి.

అవి తప్పుకోవడం వల్లే ఒక అద్భుతం జరిగింది. మిజోరం జట్టు ఐజ్వాల్ ఎఫ్‌సీ అంతకుముందు సీజన్‌లో ఐ-లీగ్ నుంచి కిందికి పడిపోయింది. గోవా జట్లు ఖాళీ చేసిన చోట దాన్ని తిరిగి తీసుకున్నారు. 2016-17లో ఆ జట్టే చాంపియన్ అయింది. కొండల్లోని చిన్న ఊరి జట్టు మోహన్ బగాన్‌ను, బెంగళూరును దాటి దేశ విజేతగా నిలిచింది. ఏ దేశంలోనైనా తరతరాలు చెప్పుకునే గెలుపు అది. మరుసటి సీజన్‌కు బెంగళూరు ఎఫ్‌సీ సూపర్ లీగ్‌లోకి వెళ్లింది. దేశ విజేత ఐజ్వాల్ మాత్రం రెండో లీగ్‌గా మారుతున్న చోటే మిగిలిపోయింది. నాకు ఈ మొత్తం చరిత్రలో అన్నిటికన్నా బాధ కలిగించే ఘట్టం ఇదే.

2019లో ఆసియా సమాఖ్య ఒక దారి చూపింది. సూపర్ లీగే దేశపు మొదటి లీగ్. ఐ-లీగ్ విజేతలు మెల్లగా పైకి ఎక్కుతారు. 2024-25 నాటికి ఎక్కడం, దిగడం రెండూ అమలవ్వాలి. ఎక్కడం మొదలైంది. 2023లో పంజాబ్, 2024లో మహమ్మదన్ స్పోర్టింగ్ పైకి వచ్చాయి. ఆ రెండుసార్లూ రెండో స్థానంలో ఆగిపోయింది హైదరాబాద్‌లోనే ఆడే శ్రీనిధి దక్కన్. దిగడం మాత్రం గడువు నాటికి అమలు కాలేదు.

హైదరాబాద్ ఎఫ్‌సీ కథ కూడా ఇక్కడే చెప్పాలి. 2019లో పుట్టి, 2021-22లో చాంపియన్ అయింది. కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్లో 88వ నిమిషంలో సాహిల్ తవోరా గోల్‌తో స్కోరు సమం, పెనాల్టీల్లో గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు. కోవిడ్ వల్ల ఆ సీజన్ మొత్తం గోవాలోనే జరిగింది. అందుకే మన ఊరి జట్టు కప్ గెలిచిన సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా గచ్చిబౌలి చూడలేదు. తర్వాత రెండేళ్లకే జీతాల బకాయిలు, కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా నిషేధాలు. 2023-24లో లీగ్‌లో ఒకే ఒక్క మ్యాచ్ గెలిచింది. 2024లో యాజమాన్యం చేతులు మారింది. 2025లో జట్టు ఢిల్లీకి తరలి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. ఊరికి కాక యజమానికి చెందిన జట్టు కాబట్టే మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోగలిగింది.

ఇక కోర్టుల సంగతి. సమాఖ్య ఎన్నికలు చెల్లవని 2017లో ఢిల్లీ హైకోర్టు చెప్పినప్పటి నుంచి వ్యాజ్యం నడుస్తూనే ఉంది. 2022 మేలో సుప్రీంకోర్టు సమాఖ్యను నడపడానికి పాలకుల కమిటీని వేసింది. బయటి జోక్యం అంటూ ఫిఫా ఆగస్టు 15న భారత్‌ను సస్పెండ్ చేసి, 26న ఎత్తేసింది. సమాఖ్య కొత్త నియమావళి ముసాయిదాను కొలిక్కి తెచ్చే పని మాజీ న్యాయమూర్తి ఎల్. నాగేశ్వరరావుకు అప్పగించారు. ఈ కేసు తేలేదాకా కొత్త ఒప్పందం వద్దన్న కోర్టు మాటతో సమాఖ్య చేతులు కట్టేసినట్టయింది. పాత ఒప్పందం గడువు మాత్రం దగ్గరపడుతూ వచ్చింది. 2025 జూలైలో ఆ ఒప్పందం కింద లీగ్ నడిపిన రిలయన్స్ సంస్థ ఎఫ్ఎస్‌డీఎల్ సీజన్‌ను నిలిపి ఉంచుతున్నట్టు లేఖ రాసింది. డిసెంబర్ తర్వాత తన హక్కులుంటాయో లేదో తెలియనిదే సెప్టెంబర్‌లో లీగ్ ఎలా మొదలుపెట్టాలన్నది దాని వాదన.

సెప్టెంబర్ 19న జస్టిస్ పి.ఎస్. నరసింహ, జస్టిస్ జోయ్‌మాల్య బాగ్చీ ధర్మాసనం నియమావళిని ఆమోదించింది. అక్టోబర్‌లో సమాఖ్య టెండర్ పిలిచింది. ఏటా కనీసం 37.5 కోట్లు లేదా మొత్తం ఆదాయంలో 5 శాతం, ఏది ఎక్కువైతే అది ఇవ్వాలి. నవంబర్ 7 గడువు నాటికి ఒక్క బిడ్ కూడా రాలేదు. ఎందుకు వస్తుంది? ఇన్నేళ్లూ లీగ్‌లో పెట్టిన డబ్బు తిరిగి రాలేదని మార్కెట్‌కు తెలుసు. పైగా కొత్త నియమావళి ప్రకారం లీగ్ మీద చివరి మాట సమాఖ్యది. ఖర్చు తనది, పెత్తనం వేరొకరిది అయినచోట వ్యాపారి అడుగు పెట్టడు. అలాగని ఆట పగ్గాలు మళ్లీ 15 ఏళ్లు ఒక కంపెనీకి రాసివ్వడం కూడా తగదు. ఈ రెండింటి మధ్య నలిగింది ఆటగాళ్లు. క్లబ్‌తో ఒప్పందం తప్ప వాళ్లకు వేరే ఆధారం లేదు. పోలీసు కొలువూ లేదు, రైల్వే కొలువూ లేదు.

ఆడవాళ్ల జట్టు గురించి ఒక్క మాట. ఇదే 2025లో భారత మహిళలు థాయ్‌లాండ్‌ను దాని గడ్డ మీదే ఓడించి ఆసియా కప్‌కు అర్హత సాధించారు. సమాఖ్య ఆ ఏడాది ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్‌గా నిజామాబాద్ జిల్లా అమ్మాయి గుగులోత్ సౌమ్యను ఎంచుకుంది. మగవాళ్ల లీగ్ గొడవల్లో ఈ వార్తకు పత్రికల్లో దక్కిన చోటు చాలా చిన్నది.

2026 జనవరి 6న కేంద్ర క్రీడల మంత్రి మన్‌సుఖ్ మాండవీయ ప్రకటన చేశారు. ఫిబ్రవరి 14 నుంచి లీగ్, 14 జట్లు, 91 మ్యాచ్‌లు. ఒక్కో జట్టుకు పదమూడే. అంతకుముందు సీజన్‌లో ఒక్కో జట్టు లీగ్ దశలోనే 24 ఆడింది. ఆ 14 జట్లలో తెలుగు ఊరి పేరున్నది ఒక్కటీ లేదు. 2022లో కప్పు గెలిచిన హైదరాబాద్ చోటులో ఆ జాబితాలో ఉన్నది స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ.